పదిహేడు వరుసలు, ఒకే గొంతు

"నాలుగు గంటలకి నర్సుని అరెస్టు చేస్తున్నాను. ఇప్పుడు రెండూ ఐదు. ఎంత టైముందో నువ్వే చూసుకో మరదలా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కందిరీగ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమెకు సొంత అక్క మొగుడు. పెళ్లయిన కొత్తలో, ఒక ప్రశ్న పట్టుకుంటే వదలదని, విసుగెత్తి ఆ పేరు పెట్టింది ఆయనే. ఆమె ఉక్రోషపడలేదు సరికదా, డేటాబేసులు డిజైన్ చేసే ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన రోజున ఆ పేరే బోర్డు మీద రాయించింది.

"గంటా యాభై ఐదు నిమిషాలు. బోలెడంత. నువ్వు రెండు రోజులు కూర్చుని చేసిన పొరపాటు దిద్దడానికి అంత అక్కర్లేదు బావా."

"పొరపాటా? ఇదిగో, కళ్లు పెట్టి చూడు." ఇన్‌స్పెక్టరు ఒక కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు నెట్టాడు.

అది ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ప్రింటు. రెండో వార్డు, పద్నాలుగో నంబరు బెడ్డు. పేషెంటు వృత్తి వడ్రంగం, వయసు యాభై రెండు. దాని కింద లావుపాటి అక్షరాల్లో, అలర్జీ: పెన్సిలిన్ పడదు. మూలన మంగళవారం తేదీ, పది నలభై రెండు.

"పది నలభై రెండుకి నర్సు కంప్యూటర్లో ఈ తెర తెరిచింది. పది యాభైకి అదే పెన్సిలిన్ ఇంజెక్షను ఎక్కించింది. పదకొండూ ఇరవైకి మనిషి పోయాడు. కళ్లెదురుగా రాసి ఉన్నది చదవకుండా ఇంజెక్షను ఇస్తే దాన్ని ఏమనాలి?"

"ఆమె ఏమంటోంది?"

"తెర మీద ఆ గడి ఖాళీగా ఉందంటోంది. ఏ దొంగైనా అలాగే అంటాడు."

"పదకొండేళ్లు ఈ ఆసుపత్రిలో పని చేసిన మనిషి. దొంగ అని నోరు జారకు. నన్ను ఈ కేసులోకి పిలిచింది ఎవరో తెలుసా? నర్సు కాదు, నర్సు వాళ్లవాళ్లు కాదు. చనిపోయినాయన భార్య."

ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి. తలుపు దగ్గర నిలబడిన మనిషిని ఆయన అప్పుడే గమనించాడు. నలభై ఐదేళ్లావిడ. వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు ఇంకా పోలేదు. మొగుడు చేసిన కుర్చీలకూ బల్లలకూ రంగు వేసేది ఆమే. చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది.

"ఆ నర్సమ్మ మా ఆయన మీద చెయ్యి వేసి చూడ్డం నా కళ్లతో చూశాను సార్," అందామె. "జ్వరంలో ఆయన మాట్లాడే తెలివిలో లేడు. నేను మందులకని కిందికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి ఆయన గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతా ఏడుస్తోంది. చంపాలనుకున్నవాళ్లు అట్లా ఏడవరు. ఎవరో ఒకరు దొరికారు కదా, ఊరుకోమంటున్నారు అందరూ. నేను ఊరుకోను. ఎవరి వల్ల పోయాడో నాకు తెలియాలి."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "మీ బాధ నాకర్థమైందమ్మా. కానీ కాగితం అబద్ధం చెప్పదు."

కందిరీగ ఆ కాగితం మడిచి చేతిలో పట్టుకుని లేచింది. "చెబుతుందో లేదో పైకెళ్లి కనుక్కుందాం. నువ్వూ రా బావా. రాకపోతే నేనేదో మాయ చేశానంటావు."

మూడో అంతస్తులో కంప్యూటర్ల గది చలికి కొంకర్లు పోయేలా ఉంది. ఆ గదికి పెద్ద, ఆసుపత్రిలో అందరూ సర్వర్ సార్ అని పిలిచే మనిషి, మెడ దాకా స్వెట్టర్ వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. వాళ్లు ముగ్గురూ లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. కందిరీగ ముందు చూసింది ఆయన ముఖం కాదు, చేతులు. అవి మౌస్ వదిలి స్వెట్టర్ జేబుల్లోకి వెళ్లిపోయాయి.

"ఈ ప్రింటు మీరే తీశారా?"

"నేనే. డైరెక్టరుగారు అడిగితే తీసిచ్చాను."

"ఎప్పుడు?"

"అదిగో, మూలన ఉంది కదా టైము."

"ఇది నర్సు తెర తెరిచిన టైము. మీరు కాగితం తీసిన టైము అడుగుతున్నాను."

"మంగళవారం... సాయంత్రం."

"అంటే తెర తెరిచిన టైము మంగళవారం పొద్దుటిది. కింద రాసినది మాత్రం సాయంత్రం టేబుల్లో, అంటే కంప్యూటర్లోని పట్టికలో, ఏముంటే అది. ఔనా, కాదా?"

"సాంకేతికంగా చెప్పాలంటే... ఔను."

ఇన్‌స్పెక్టరు కాస్త కదిలి నిలబడ్డాడు. కందిరీగ ఆయన వైపు చూడకుండా, "ఈ పేషెంటు వివరాలున్న టేబుల్ తెరవండి," అంది.

తెర మీద వరుసలు పరుచుకున్నాయి. వడ్రంగి ఆరేళ్లలో ఈ ఆసుపత్రికి పదిహేడు సార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారికీ ఒక వరుస. ప్రతి వరుసలోనూ ఆయన పేరు, వయసు, ఫోను, రక్తం గ్రూపు, అలర్జీ, చూసిన డాక్టరు, డాక్టరు కూర్చునే గది నంబరు, ఇచ్చిన మందు, అన్నీ మళ్లీ మళ్లీ రాసి ఉన్నాయి.

కందిరీగ నుదురు కొట్టుకున్నంత పని చేసింది. "మొత్తం ఆసుపత్రికంతా ఈ ఒక్క టేబులేనా?"

"పదిహేనేళ్ల నుంచి ఇదే. ఒక్కరోజు ఆగలేదు," అన్నాడు సర్వర్ సార్, కాస్త గర్వంగానే.

"ఏమిటి, బాగా లేదా?" ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. "నాకైతే శుభ్రంగానే కనబడుతోంది. అన్నీ ఒక్కచోటే ఉన్నాయి."

"ఒక్కచోట ఎక్కడున్నాయి బావా? పదిహేడు చోట్ల ఉన్నాయి. పోయినేడాది నువ్వు ఫోను నంబరు మార్చావు. అక్క ఆ కొత్త నంబరు ఎన్నిచోట్ల చెప్పాల్సొచ్చింది?"

"బ్యాంకుకి, గ్యాసువాడికి, మా ఆఫీసుకి... చాలా చోట్ల."

"ఒకచోట మర్చిపోయింది. పిల్లకి బళ్లో జ్వరమొస్తే వాళ్లు ఎవరికి ఫోన్ చేశారు?"

ఇన్‌స్పెక్టరు మీసం కింద గొణిగాడు. "ఎవరో టైర్ల కొట్టువాడికి."

"అదీ సంగతి. ఒక మనిషికి సంబంధించిన నిజం ఒక్కచోటే రాసి ఉండాలి. మనిషికి ఒక టేబులు. అందులో పేరు, రక్తం గ్రూపు, అలర్జీ, ఒక్కసారే. ఆయన ఎప్పుడెప్పుడు వచ్చాడో ఇంకో టేబులు. ఏ మందు ఇచ్చారో మరోటి. వాటన్నిటినీ పేషెంటు నంబరు కలుపుతుంది. దీన్నే నార్మలైజ్ చెయ్యడం అంటారు. అప్పుడు అలర్జీ అని ఒక్కచోట రాస్తే ఆసుపత్రి మొత్తం అదే చూస్తుంది. ఇక్కడలా కాదు. ప్రతిసారీ కౌంటర్లో ఎవరో ఒకరు మళ్లీ కొట్టాలి. కొట్టకపోతే లేనట్టే. వార్డులో నర్సుకి ఏ వరుస కనిపిస్తుంది సార్?"

"ఆఖరిది," అన్నాడు సర్వర్ సార్ నెమ్మదిగా. "కొత్తగా చేరినప్పటిది."

"ఇంకొకరి వరుసలు చూపించండి. ఎవరివైనా సరే. తరచుగా వచ్చే మనిషివి."

ఆయన ఒక పెద్దావిడ నంబరు కొట్టాడు. పదకొండు వరుసలు వచ్చాయి. ఒకచోట పెన్సిలిన్, ఒకచోట పెనిసిలిన్, ఒకచోట పెన్సులిన్ పడదట, మూడుచోట్ల ఖాళీ. ఒక వరుసలో ఆవిడ రక్తం గ్రూపే మారిపోయింది.

కందిరీగ తల ఊపి, మళ్లీ వడ్రంగి వరుసల దగ్గరకు రమ్మంది. వేలితో పైనుంచి కిందికి ఒక్కొక్కటీ తడుముతూ వచ్చింది. పెన్సిలిన్ పడదు. పెన్సిలిన్ పడదు. పెన్సిలిన్ పడదు. పదిహేడుచోట్లా అక్షరం తేడా లేదు.

"బావా, పదిహేడు మంది సాక్షులు వచ్చి, పొల్లు పోకుండా, అవే ముక్కలు ఒకే గొంతుతో చెప్పారనుకో. నువ్వేమనుకుంటావు?"

ముప్ఫై ఏళ్ల పోలీసు ఉద్యోగం ఆయన చేత నిజం చెప్పించింది. "ఎవరో నేర్పి పంపారనుకుంటాను."

"ఆరేళ్లలో, ఆరేడుగురు గుమస్తాలు, పదిహేడు సార్లు ఒక్క తప్పైనా లేకుండా కొట్టారట. పక్కనే ఆ పెద్దావిడ గతి చూశావు. సరే, మొదటి వరుస చదువు. ఆరేళ్ల కిందటిది."

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు పెట్టుకున్నాడు. "చేతికి ఉలి గాయం. అలర్జీ, పెన్సిలిన్ పడదు. ఇచ్చిన మందు..." ఆయన ఆగిపోయాడు. "ఇచ్చిన మందు పెన్సిలిన్, ఐదు రోజులు."

వడ్రంగి భార్య ప్లాస్టిక్ కవరు విప్పింది. ఆసుపత్రి ఇచ్చిన చీటీ ఒక్కటి కూడా ఆమె పారెయ్యలేదు. అట్టడుగు నుంచి రంగు మాసిన ఒక చీటీ లాగి ఇచ్చింది. "అప్పుడు ఆయనకేం కాలేదండీ. మూడేళ్ల తర్వాత మళ్లీ వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి మూతి వాచిపోయింది. అప్పుడే కదా పడదని తెలిసింది." చీటీ మీద, ఆనాటి కంప్యూటరు అచ్చులోనే ఉంది. అలర్జీ: లేదు.

"మూడేళ్ల తర్వాతిది ఇక్కడ తొమ్మిదో వరుస. తొమ్మిదోసారి వచ్చినప్పుడు బయటపడ్డ సంగతి మొదటిసారి వచ్చినప్పుడే టేబుల్‌కి ఎలా తెలిసింది సార్?"

సర్వర్ సార్ జేబుల్లోంచి చేతులు తీయలేదు. "తర్వాత తెలిశాక... కౌంటరువాళ్లు పాత వరుసల్లో కూడా దిద్ది ఉంటారు."

"ఎవరు దిద్దారు? ఎప్పుడు?"

"అవన్నీ టేబుల్లో ఉండవు."

"పాత కాపీ?"

"పదే పదే దాని మీదే రాస్తాం. సోమవారం నాటిది పోయింది."

కందిరీగ నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నీ మాటలో పస ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆయన చెప్పింది కూడా జరగడానికి వీలుంది కదా? ఇది అనుమానమే కానీ ఆధారం కాదు మరదలా. పైనుంచి నాకు గంటకో ఫోను వస్తోంది. నాలుగు గంటలంటే నాలుగే," అన్నాడు.

"పైవాళ్ల ఫోన్లకి భయపడేవాణ్ణి మా అక్కకి కట్టబెట్టామని నాన్నకి తెలిస్తే బాధపడతాడు."

"కేసు మాట్లాడు. ఇంటి సంగతులు ఎత్తకు."

"కేసే మాట్లాడుతున్నాను. సార్, ఈ టేబుల్ కాపీ ఈ గది దాటి ఇంకెక్కడికైనా వెళుతుందా?"

"వెళ్లదు," అన్నాడు సర్వర్ సార్. ఆ ఒక్క మాట మాత్రం గబుక్కున వచ్చింది.

వాళ్లు వరండాలోకి వచ్చేసరికి రెండూ యాభై. ఒక ఆయా భోజనం పళ్లాల బండి తోసుకుంటూ లిఫ్టు వైపు వెళుతోంది. ఖాళీ పళ్లేల మీద చీటీలు అతికించి ఉన్నాయి. కందిరీగ ఒక చీటీ పీకి చదివింది. మూడో వార్డు, ఎనిమిదో బెడ్డు, పేరు, ఉప్పు తగ్గించాలి. కంప్యూటరు అచ్చు. ఆమె ఇన్‌స్పెక్టరు ముఖం ముందు ఆ చీటీ ఆడించింది.

"వెళ్లదట!"

వంటశాల భూమి లోపలి అంతస్తులో ఉంది. అక్కడి పెత్తనమంతా ఒక పెద్దావిడది. బారెడు గరిటె పట్టుకుని పెద్ద గిన్నె ముందు నిలబడి ఉందావిడ. పోలీసు టోపీ కనబడగానే గరిటె దించలేదు, ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఏం, మళ్లీ ఎవరికైనా కడుపునొప్పా? నా వంటలో తప్పు లేదు. ముందే చెబుతున్నా."

"వంట గురించి కాదు పెద్దమ్మా," అంది కందిరీగ. "ఎవరికి ఏం పెట్టాలో మీకెలా తెలుస్తుంది?"

"అదుగో, ఆ డబ్బా చెబుతుంది." మూలన ఒక పాత కంప్యూటరు, దాని పక్కన నూనె జిడ్డు పట్టిన ప్రింటరు ఉన్నాయి. "టిఫినప్పుడు ఒకసారి, పదిన్నరకి ఒకసారి, పదకొండున్నరకి ఒకసారి, సాయంత్రం ఒకసారి, దానంతటదే కక్కుతుంది. ఎవరికి ఉప్పు, ఎవరికి చక్కెర, ఎవరికి ఏది పడదు, అన్నీ."

"పడనివి అంటే? మందులు కూడానా?"

"అన్నీ కలిపే వస్తాయి అమ్మాయ్. నాకు పాలూ గుడ్డూ కావాలి, వాళ్లు మందులూ మాకులూ కూడా పంపిస్తారు. నేను నాకు కావలసింది చూసుకుంటాను."

కందిరీగ ప్రింటరు దగ్గరికి వెళ్లింది. "మంగళవారం నాటివి పారేశారా?"

"పారేస్తానా? ఒకసారి చక్కెర జబ్బాయనకి పాయసం పంపానని నా మీదకొచ్చారు. ఆ రోజునుంచి వారం రోజుల కాగితాలు మేకుకి గుచ్చి ఉంచుతాను. ఎవడైనా నోరు తెరిస్తే ముఖాన కొట్టడానికి."

గోడకున్న పొడుగాటి మేకు నుంచి ఆమె కాగితాల దొంతర ఊడదీసింది. మంగళవారం పదిన్నర. పద్నాలుగో బెడ్డు, వడ్రంగి పేరు, పడనివి: ఖాళీ. మంగళవారం పదకొండున్నర. అప్పటికి మనిషి పోయి పది నిమిషాలు, పేరు ఇంకా తీయలేదు. పడనివి: ఖాళీ.

ఇన్‌స్పెక్టరు ఆ రెండు కాగితాలనూ అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పదిన్నరకి లేదు, పదకొండున్నరకి లేదు. మధ్యలో పది నలభై రెండుకి మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉందంటూ కందిరీగ చేతిలో ఆసుపత్రి ప్రింటు ఉంది.

"నర్సు చెప్పింది నిజం," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది.

కందిరీగ ఆ మాట సగమే విన్నది. ఆమె కళ్లు పద్నాలుగో బెడ్డు దాటి కాగితం మొత్తం మీద తిరుగుతున్నాయి. పాత పేషెంట్లకు పడనివి రాసే ఉన్నాయి. పక్కనున్న తేదీల్ని బట్టి కొత్తగా చేరినవాళ్ల దగ్గర మాత్రం ఒక్క గడి కూడా నిండి లేదు.

"పెద్దమ్మా, ఇలా ఖాళీగా ఎప్పటినుంచి వస్తోంది?"

"సోమవారం నుంచి. పాలు పడనావిడకి పాలు పంపానని వార్డువాళ్లు నామీద ఒంటికాలి మీద లేచారు. కాగితంలో లేదు కదమ్మా, నేనేం చెయ్యను? సోమవారం మధ్యాహ్నమే ఆ స్వెట్టరాయనకి ఫోన్ చేసి చెప్పాను. మీ వంట మీరు చూసుకోండి, కంప్యూటర్లు మేం చూసుకుంటాం అన్నాడు."

ఇన్‌స్పెక్టరు టోపీ సరిచేసుకున్నాడు. "సోమవారమే తెలుసన్నమాట వాడికి."

మెట్లెక్కుతూనే ఆయన కానిస్టేబుల్‌కి ఫోన్ చేసి, కింద కూర్చోబెట్టిన నర్సుని మూడో అంతస్తుకి తీసుకురమ్మన్నాడు. వాళ్లు కంప్యూటర్ల గదిలోకి అడుగుపెట్టేసరికి మూడూ ఇరవై ఐదు. నర్సు అప్పటికే అక్కడ ఉంది. రెండు రాత్రులు నిద్ర లేని కళ్లు, మామూలు చీర, భుజాన సంచి. అయినా నిటారుగా నిలబడి ఉంది. వడ్రంగి భార్య ఆమె పక్కనే, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది.

కందిరీగ వంటశాల కాగితాలు కీబోర్డు మీద పరిచింది. "చెప్పండి. ఈసారి సాంకేతికంగా వద్దు."

సర్వర్ సార్ ఆ కాగితాలు చూసి కుర్చీలో కూలబడ్డాడు. చేతులు మొదటిసారి జేబుల్లోంచి బయటికొచ్చాయి.

"సోమవారం పొద్దున కౌంటర్లో తొందర నమోదు అని కొత్త తెర పెట్టాం," అన్నాడు. "లైన్లు పెరిగిపోతున్నాయని డైరెక్టరుగారి గొడవ. పేరు, నంబరు కొడితే చాలు, కొత్త వరుస వచ్చేస్తుంది. మిగతా గడులు పాత వరుసలోంచి తెచ్చుకోవాలి. అది... అది నేను రాయలేదు. తర్వాత చూద్దామనుకున్నాను."

"అంటే మంగళవారం పొద్దున ఆయన అలర్జీ ఈ టేబుల్లో తొమ్మిదో వరుస నుంచి పదహారో వరుస దాకా ఎనిమిదిచోట్ల ఉంది. నర్సు చూసిన పదిహేడో వరుసలో మాత్రం లేదు."

"లేదు."

"మనిషి పోయాక?"

"ఒక్క కమాండు. ఈ నంబరు ఉన్న అన్ని వరుసల్లోనూ పెట్టెయ్యమని. కంగారులో ఉన్నాను. ఏ వరుస ఏనాటిదో చూసుకోలేదు."

నర్సు ఒక అడుగు ముందుకు వేసింది. "పదకొండేళ్లు సార్. ప్రతి పండక్కీ మీ కంప్యూటర్లు ఆగిపోతే మీ పక్కన కూర్చుని చేత్తో రాసిచ్చాను. నేను చూడకుండా ఇచ్చానని ఎలా చెప్పగలిగారు?"

ఆయన తలెత్తలేదు. "మూడేళ్ల కింద నా కింద పనిచేసిన అమ్మాయి ఒకతి చెప్పింది. టేబుల్ విడగొట్టాలి, మనిషిని ఒక్కచోటే రాయాలి అని ఆరు పేజీలు రాసిచ్చింది. నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకన్నాను. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఇదంతా బయటికొస్తే..."

"మీ ఉద్యోగం పోతుందని ఆమెని జైలుకి పంపబోయారు," అంది కందిరీగ. గొంతు పెంచలేదు. "దాని సంగతి మా బావ చూసుకుంటాడు. నాకు ఇంకో సంగతి చెప్పండి. చనిపోయినాయన వరుసలు పదిహేడూ దిద్దారు. సోమవారం నుంచి చేరిన మిగతావాళ్లవి దిద్దారా?"

సర్వర్ సార్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"దిద్దలేదా?"

"అందరివీ ఒక్కసారి మారిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని..."

ఇన్‌స్పెక్టరు చెయ్యి లేచింది. కందిరీగ మధ్యలో అడ్డం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "తర్వాత బావా! సార్, లేవండి." ఆయన్ని కుర్చీలోంచి లేపి తానే కూర్చుంది. ఎనిమిదేళ్లయింది ఆమె కీబోర్డు మీద ఆ పని చేసి. వేళ్లు మర్చిపోలేదు. పాత వరుసల్లో ఎక్కడైనా అలర్జీ రాసి ఉండి, ఆఖరి వరుసలో ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరెవరు? ఒకే మనిషి గురించి రెండు మాటలు చెబుతున్న టేబుల్‌ని అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి ప్రింటరు కదిలింది. తొమ్మిది పేర్లు.

నర్సు ఆ కాగితం అందుకుని మొదటి పేరు మీద వేలు పెట్టింది. "ఆరో బెడ్డు. టైలరమ్మ. మోకాలికి చీము పట్టి సోమవారం చేరింది. ఆవిడకి నాలుగింటికి ఇంజెక్షను రాసి ఉంది."

"ఏ ఇంజెక్షను?"

"అదే."

గడియారంలో మూడూ నలభై తొమ్మిది. ఇన్‌స్పెక్టరు వార్డుకి ఫోన్ కలిపాడు. ఎంగేజ్. నర్సు అప్పటికే తలుపు దగ్గరుంది. కానిస్టేబుల్ ఆమెకు అడ్డంగా చెయ్యి చాపాడు. "అమ్మా, మీరు వార్డులోకి వెళ్లకూడదు. ఆర్డరు ఉంది."

"కావాలంటే నన్ను పట్టుకుని నాతోపాటు పరిగెత్తండి," అని ఆ చెయ్యి తోసేసి మెట్ల వైపు పరుగుతీసింది నర్సు.

ఒక అంతస్తు దిగాలి. కందిరీగ ఆమె వెనకే పడింది. వార్డు గుమ్మంలో సెక్యూరిటీ మనిషి అడ్డం నిలబడి, సస్పెండు అయినవాళ్లని రానివ్వద్దని డైరెక్టరుగారు చెప్పారన్నాడు. ఇన్‌స్పెక్టరు రొప్పుతూ వచ్చి అతని భుజం పట్టి పక్కకు జరిపాడు. "నేను రమ్మన్నాను. మీ డైరెక్టరుకి నా పేరు చెప్పు."

ఆరో బెడ్డు దగ్గర ఒక చిన్న నర్సు సిరంజి పైకెత్తి గాలి తీస్తోంది. టైలరమ్మ చెయ్యి చాపి, అటువైపు తిరిగి పడుకుని ఉంది. పెద్ద నర్సు వెళ్లి ఆ సిరంజి ఉన్న మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తెర చూశావా?"

"చూశానక్కా. ఖాళీగానే ఉంది. ఫలానాది పడదని ఏమీ లేదు." ఆ పిల్ల బెదిరిపోయింది.

"ఆవిణ్ణి అడిగావా?"

టైలరమ్మ ఇటు తిరిగింది. "ఏమిటమ్మా అది? పెన్సిలినా? అయ్యో, అది నాకు పడదు కదా. నాలుగేళ్ల కింద ఇక్కడే చెప్పాను, రాసుకున్నారు కూడా. ఊపిరాడక మూడు రోజులు ఐసీయూలో పెట్టారు నన్ను."

చిన్న నర్సు సిరంజి ట్రేలో పెట్టింది. పెద్ద నర్సు ఆమెను దగ్గరికి లాక్కుని ఒక్క క్షణం పట్టుకుంది. తర్వాత కాగితంలో మొదటి పేరు కొట్టేసి రెండోది చదివింది. "పదకొండో బెడ్డు. సల్ఫా మందు పడదు. పదండి."

మిగిలిన ఎనిమిది పేర్లకూ ఇరవై నిమిషాలు పట్టింది. ముగ్గురు పక్క వార్డులో ఉన్నారు. ఒకాయన్ని ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తెప్పించారు. నర్సు ప్రతి మంచం దగ్గరా ఆగి మనిషిని నోటితో అడిగింది, చేత్తో చార్టు మీద ఎర్ర పెన్నుతో రాసింది. ఇన్‌స్పెక్టరు టోపీ చంకలో పెట్టుకుని ఆమె వెనకే తిరుగుతూ, అడ్డం వచ్చినవాళ్లందరినీ తప్పించాడు. ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది, తీయలేదు.

తొమ్మిదో పేరు కొట్టేసిన క్షణాన వార్డులో తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

కందిరీగ ఇన్‌స్పెక్టరు చెయ్యి లాగింది. "పైన ఆయన్ని ఒక్కణ్ణే వదిలేసి వచ్చాం బావా! టేబుల్ చెరిపేస్తున్నాడు."

ఆమె మెట్ల వైపు తిరిగేసరికి సర్వర్ సార్ ఎదురుగా దిగి వస్తున్నాడు. వడ్రంగి భార్య ఆయన వెనకే ఉంది. ఆయన స్వెట్టర్ విప్పేసి చేత్తో పట్టుకున్నాడు. ముఖమంతా చెమట.

"నేనేమీ చెరపలేదు," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి ఈవిడ చేతికిచ్చాను. తెరలు మాత్రం ఆపేశాను. అవి ఇంకా అబద్ధం చెబుతున్నాయి కాబట్టి." ఆయన గోడకు ఆనుకున్నాడు. "డైరెక్టరుగారు ఒప్పుకోలేదు. అయినా ఆపేశాను. కానీ మీకు చెప్పనిది ఇంకొకటుంది."

"చెప్పండి," అంది కందిరీగ.

"మా యాజమాన్యానికి ఇంకా పదకొండు ఆసుపత్రులున్నాయి. తొందర నమోదు తెర సోమవారం పొద్దున అన్నిట్లోనూ ఒకేసారి పెట్టాం. నేనే పెట్టాను. అక్కడి తెరలు ఇక్కడినుంచి ఆపడానికి నాకు వీల్లేదు."

వడ్రంగి భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మళ్లీ మోగింది. ఈసారి తీసి చూశాడు. డైరెక్టరు. నర్సు ఇంకా ఎందుకు బయట ఉంది, తెరలు ఎవరు ఆపారు, ఈ తమాషా ఏమిటి అని అవతల నుంచి కేకలు అందరికీ వినబడ్డాయి.

"నన్ను సస్పెండు చేయించుకోండి సార్, లైను మాత్రం ఖాళీ చెయ్యండి," అని ఫోన్ కట్ చేశాడు ఇన్‌స్పెక్టరు. దాన్ని అలాగే నర్సు చేతిలో పెట్టాడు. "పదకొండింటిలో ముందు దేనికి చెయ్యాలమ్మా? నీకు ఎక్కడ ఎవరు తెలుసు?"

నర్సు సంచి నేల మీద పెట్టి, మెట్ల మీద కూర్చుని, గుర్తున్న మొదటి నంబరు నొక్కింది.